స్క్రిప్టు లేని మాక్ అసెంబ్లీ: బడిలో నాలుగు రోజుల సర్కారు

బాయ్స్ స్టేట్ అని 2020లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అమెరికాలో మాజీ సైనికుల సంఘం, అమెరికన్ లీజియన్, 1935 నుంచి నడుపుతున్న శిబిరం మీద తీసిన సినిమా అది. 2018 వేసవిలో టెక్సాస్‌లో వెయ్యి మందికి పైగా పదిహేడేళ్ళ కుర్రాళ్ళు ఒకచోట చేరతారు. రాగానే వాళ్ళని ఫెడరలిస్టులు, నేషనలిస్టులు అని రెండు పార్టీలుగా పంచేస్తారు. ఆ పేర్ల వెనక సిద్ధాంతం ఏమీ లేదు. అది కుర్రాళ్ళే వారం లోపల తయారు చేసుకోవాలి. పార్టీ చైర్మన్ని ఎన్నుకోవాలి, మేనిఫెస్టో రాయాలి, ఆఖర్న గవర్నర్ పదవికి కొట్లాడుకోవాలి. అంతకు ముందు ఏడాది అదే శిబిరంలో టెక్సాస్ అమెరికా నుంచి విడిపోవాలని తీర్మానం పెడితే అది పాసైపోయింది కూడా.

ఆ సినిమాలో ఒక కుర్రాడు గర్భస్రావం విషయంలో తనకి నిజంగా ఉన్న అభిప్రాయం పక్కన పెట్టి, హాలులో చప్పట్లు ఎటువైపు పడతాయో అటు మాట్లాడతాడు. తర్వాత కెమెరా ముందు ఆ సంగతి తనే ఒప్పేసుకుంటాడు. రాజకీయం అంటే ఏమిటో పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం మొత్తం కన్నా ఆ రెండు నిమిషాలే ఎక్కువ చెబుతాయి. అది ఎలా బయటపడిందంటే, అక్కడ ఎవరు గెలుస్తారో ఎవరికీ ముందు తెలియదు కాబట్టి. ఓటు పోతుందన్న భయం నిజంది.

మన దగ్గర ఇలాంటివి లేవని కాదు. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ యూత్ పార్లమెంట్ పోటీలు 1966-67లో ఢిల్లీ బళ్ళలో మొదలయ్యాయి, తర్వాత నవోదయల దాకా వచ్చాయి. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగితే టీవీలో అందరం చూశాం. పిల్లలు బాగా మాట్లాడారు. కానీ మన బళ్ళలో మామూలుగా జరిగే పద్ధతి ఒకటుంది: సోషల్ మాస్టారు రాసిచ్చిన ప్రశ్న ప్రతిపక్షం అడుగుతుంది, ఆయనే రాసిచ్చిన జవాబు మంత్రి చెబుతాడు, బిల్లు పాసవుతుందని నెల ముందే అందరికీ తెలుసు. మార్కులు ఉచ్చారణకి, క్రమశిక్షణకి. దాన్ని నాటకం పోటీ అంటే సరిపోతుంది. అసెంబ్లీ అనాలంటే మాత్రం ఓటు లెక్కపెట్టేదాకా ఫలితం తెలియకూడదు. ఈ ఒక్క షరతు మీద నిలబడి, కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో ఉండే మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్లో నాలుగు రోజుల సర్కారు ఎలా నడపాలో రాస్తున్నాను.

ముందు తేదీలు. అక్టోబరు, నవంబరు డెల్టాకి తుఫాన్ల నెలలు. రెండో రోజు సెలవు ప్రకటిస్తే ప్రచారం చల్లారిపోతుంది, మళ్ళీ వేడెక్కదు. డిసెంబరు మొదటి రెండు వారాలు మేలు. గురువారం మొదలుపెట్టి శుక్ర, శని నడిపి, ఆదివారం వదిలి, సోమవారం ముగించాలి. మధ్యలో ఆ ఆదివారం కావాలనే పెట్టింది. ప్రభుత్వం కూలగొట్టే మంతనాలన్నీ ఆ రోజే నడుస్తాయి, టీచర్లు ఎవరూ చూడని చోట.

ఇక అంకెలు. 6 నుంచి 9 దాకా ఏడు సెక్షన్లు, సెక్షన్‌కి 36 మంది అనుకుందాం. మొత్తం 252 మంది ఓటర్లు. ఒక్కో సెక్షన్ని రోల్ నంబరు ప్రకారం పన్నెండేసి మందిగా మూడు నియోజకవర్గాలు చేస్తే 21 సీట్ల సభ వస్తుంది. వీధుల వారీగా, ఊళ్ళ వారీగా మాత్రం ఎప్పుడూ విడగొట్టకండి. మన ఊళ్ళలో వీధి పేరు చెబితే కులం చెప్పినట్టే. రోల్ నంబర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి ఆ గొడవ చాలావరకు పోతుంది. సెక్షన్లకి సప్త గోదావరుల పేర్లు చక్కగా సరిపోతాయి: తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధ గౌతమి, కౌశిక, వశిష్ఠ. ఒక్కోదాని కింద ఒకటి, రెండు, మూడు. 'వశిష్ఠ-2 సభ్యురాలు' అని పిలిచేసరికి ఆ పిల్ల నడక మారిపోతుంది.

పోటీ చేసేవాళ్ళు 63 మంది, 8, 9 తరగతుల నుంచి. చేతులెత్తిన వాళ్ళలోంచి చీటీ తీయాలి. టీచర్లని ఎంపిక చేయమంటే ఫస్టు మార్కుల వాళ్ళనే పంపిస్తారు, వాళ్ళకి బేరమాడటం రాదు. వెనక బెంచీ వాళ్ళలో ఇద్దరు ముగ్గురు లేకపోతే సభకి ప్రాణం రాదండి. పదో తరగతికి స్పెషల్ క్లాసులు ఉంటాయి కాబట్టి వాళ్ళని పోటీకి పిలవకండి. ముగ్గురిని ఎన్నికల సంఘంగా, 21 మందిని ఒక్క పోలింగు మధ్యాహ్నానికి పోలింగు సిబ్బందిగా అడిగితే హెచ్‌ఎం గారు కాదనరు.

పార్టీలు మూడు, ఒక్కోదానికి 21 మంది, ఇదీ చీటీతోనే. అమెరికా వాళ్ళవి రెండే. మనకి మూడు ఎందుకంటే రెండు పార్టీలైతే కౌంటింగ్ అయ్యేసరికి కథ అయిపోతుంది. మూడైతే అక్కడ మొదలవుతుంది. పేరు, గుర్తు పిల్లలే పెట్టుకోవాలి. సైకిలు, ఫ్యాను, గాజుగ్లాసు, కమలం, హస్తం, కంకి కొడవలి నిషేధం. పసుపు, నీలం, ఎరుపు, కాషాయం రంగులు కూడా నిషేధిస్తే మిగిలేది ఊదా, గోధుమ, బూడిద. పిల్లలు ఏడుపు మొహం పెడతారు, అయినా వదలొద్దు. నీలం రంగు జెండా కనిపించిన సాయంత్రమే ఎవరో ఒకరి నాన్నగారు ఫోన్ చేస్తారు. గుర్తులకి మన చుట్టూ ఉన్నవే బోలెడు: నాటుపడవ, కొబ్బరిబొండం, లాకు తలుపు, పనసకాయ, వల.

గురువారం పొద్దున్న పార్టీ నాయకుడి ఎన్నిక, మధ్యాహ్నం మేనిఫెస్టో, సాయంత్రం నాలుగింటికి నామినేషన్ల గడువు. నామినేషన్ పత్రం ఒక పేజీ: పేరు, నియోజకవర్గం, పార్టీ, ప్రతిపాదించే ఓటరు సంతకం. ఆ ప్రతిపాదకుడు అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. సొంత సెక్షన్లో పోటీ చేయకూడదన్న నిబంధన కూడా పెట్టండి, లేకపోతే స్నేహాల మీదే గెలిచేస్తారు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఆరో తరగతి పిల్లల దగ్గరికి వెళ్ళి 'మీకేం కావాలి?' అని అడగాల్సి రావడం మంచిదే. 21 నియోజకవర్గాల్లో ఏడు అమ్మాయిలకు రిజర్వు చేసి, ఏవో చీటీ తీయాలి. మన పంచాయతీల్లో సగం పదవులు మహిళలకే ఉన్నా సర్పంచ్ గారి భర్త కుర్చీలో కూర్చునే ఊళ్ళు అందరికీ తెలిసినవే. అదే ఇక్కడా దిగుతుంది: గెలిచిన అమ్మాయి వెనక ఒక కుర్రాడు నిలబడి చెవిలో మాటలు అందిస్తుంటాడు. సభలోకి సభ్యులు కానివాళ్ళకి ప్రవేశం లేదన్న నిబంధనతోనే దాన్ని ఆపాలి.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. బ్యాలెట్ మీద, గోడ చార్టుల మీద ఇంటిపేరు వేయొద్దు, పేరు చివరి తోకలూ వేయొద్దు. ఒట్టి పేరే. ఇద్దరు సాయిలు వస్తే రోల్ నంబరు పక్కన వేయండి.

శుక్రవారం పొద్దున్న పరిశీలన, పదింటికి ఉపసంహరణ, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ప్రచారం. ఖర్చుకి పరిమితి ఉండాలి. అసలు శాసనసభ అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు. ఇక్కడ ఒక్కొక్కరికి 100 టోకెన్లు. తెల్ల చార్టుకి 20, మైకు దగ్గర ఒక నిమిషానికి 25, తరగతిలోకి వెళ్ళి మాట్లాడే మూడు నిమిషాలకి 30. టోకెన్లు ఒకరి నుంచి ఒకరికి మార్చుకోవచ్చని గానీ మార్చుకోకూడదని గానీ ముందు చెప్పకండి. ఎవరో ఒకరు కనిపెడతారు, పార్టీ నాయకుడు గెలవలేని సీట్ల టోకెన్లు లాగేసుకుని గట్టి పోటీ ఉన్న చోట గుమ్మరిస్తాడు. అప్పుడు ఆ సీటు త్యాగం చేసినవాడి మొహం చూడాలి.

చాక్లెట్లు తప్పకుండా పంచుతారు. చాక్లెట్ కాకపోతే పెన్ను, పెన్ను కాకపోతే హోంవర్క్ చేసిపెడతానన్న మాట. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం లంచం అవినీతి చర్య అని ఎన్నికల సంఘం పిల్లలకి ముందే చదివి వినిపించాలి. కానీ టీచరు తనంతట తను పట్టుకోకూడదు. ఫిర్యాదు రాతపూర్వకంగా రావాలి, సాక్షి ఉండాలి, ముగ్గురు కమిషనర్లు అరగంటలో విచారించి తీర్పు రాయాలి. ఇక్కడ చాలాసార్లు తేలేదేమిటంటే, చాక్లెట్ తిన్నవాడు సాక్ష్యం చెప్పడు. తెలుసుకోవాల్సింది అదే కాబట్టి కేసు వీగిపోతే పోనివ్వండి.

శుక్రవారం మధ్యాహ్నమే పోలింగు. దానికి ఫోన్లో యాప్‌లు వద్దు. కాగితమే వాడాలి, మళ్ళీ లెక్కపెట్టమంటే పెట్టొచ్చు, పైగా 2021 పంచాయతీ ఎన్నికల్లో వాళ్ళ అమ్మానాన్నలు ఓటేసింది కాగితం మీదే. ఏ4 కాగితం నాలుగు ముక్కలు చేస్తే నాలుగు బ్యాలెట్లు. నియోజకవర్గానికి 12 మంది ఓటర్లు, కొన్ని అదనం, కాబట్టి 4 కాగితాలు, 16 బ్యాలెట్లు. 21 నియోజకవర్గాలకి 84 కాగితాలు. పైన నియోజకవర్గం పేరు పెద్దక్షరాల్లో ఉంటే మూడింటికీ కలిపి సెక్షన్‌కి ఒకే పెట్టె చాలు, తర్వాత విడదీసుకోవచ్చు. స్వస్తిక్ గుర్తు రబ్బరు ముద్రలు ఏడు, స్టాంప్ ప్యాడ్లు ఏడు. చూపుడువేలికి మార్కరు గీత చాలు, అసలు సిరా బయట దొరకదు.

పాడయ్యేది ఎక్కడంటే మడతలో. పిల్లలు ముద్ర వేయగానే అడ్డంగా మడిచేస్తారు, తడి ముద్ర కింది గుర్తు మీద అచ్చవుతుంది, లెక్కింపులో రెండు ముద్రలు కనిపిస్తాయి. మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమని పోలింగు అధికారి ప్రతి ఒక్కరికీ చేసి చూపించాలి. అలా మడిస్తే అచ్చు పడినా అదే గుర్తు పక్కనున్న ఖాళీలో పడుతుంది. రెండో ఇబ్బంది, లెక్క కలవకపోవడం. ఇచ్చిన బ్యాలెట్లు, పెట్టెలో ఉన్నవి, పాడైనవి, మిగిలినవి ఒక కాగితం మీద రాసి కలిపితే ఒకటి ఎక్కువ వస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కత్తిరించిన కాగితాలు రెండు అతుక్కుని ఒకరి చేతికే వెళ్ళడం. ఇచ్చేముందు ప్రతి బ్యాలెట్ వెనక ప్రిసైడింగ్ అధికారి సంతకం పెట్టిస్తే సంతకం లేనిది తీసేయొచ్చు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే, రెండు చోట్ల వేస్తే, ఓటరు ఎవరో తెలిసేలా పేరో సంతకమో ఉంటే ఓటు చెల్లదు. పన్నెండు మంది ఓటర్లకి ముగ్గురు అభ్యర్థులంటే ఓట్లు సమానం కావడం మామూలే. చట్టంలో ఉన్నట్టే చీటీ తీయాలి. మళ్ళీ ఓటింగ్ పెట్టమని ఏడుస్తారు, పెట్టొద్దు.

చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రానివాళ్ళకి డిపాజిట్ గల్లంతు. ఒక్కో అభ్యర్థి దగ్గర ముందే పదేసి టోకెన్లు పట్టుకుని ఉంటే ఆ మాటకి అర్థం ఉంటుంది.

ఓడిన 42 మందిని ఇంటికి పంపేస్తే సగం బడి అలిగినట్టే. ఆరుగురు ఆయా శాఖల కార్యదర్శులు, ఆరుగురు విలేకరులు, మిగిలిన 30 మంది గ్రామసభ. ఈ గ్రామసభ పని చివర్లో చెబుతాను.

శనివారం అసలు వ్యవహారం. తాత్కాలిక స్పీకర్ ప్రమాణాలు చేయిస్తాడు. 'అనే నేను' అనడంలో పిల్లలకి ఎంత సరదానో చెప్పక్కర్లేదు. దైవసాక్షిగానా, ఆత్మసాక్షిగానా అన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. గవర్నర్ పాత్ర ఒక్కటే టీచరుకి. ఆయన అనాల్సింది కూడా ఒక్క వాక్యమే: 'ఎవరి వెనక 11 మంది ఉన్నారో సంతకాలతో రండి.'

సాధారణంగా ఫలితం 8, 7, 6 లాగానో 9, 7, 5 లాగానో ఉంటుంది. అప్పుడు బేరాలు మొదలవుతాయి. మంత్రివర్గం సభలో 15 శాతం మించకూడదని 2003 నాటి 91వ సవరణ, అందుకే 175 మంది ఉన్న మన శాసనసభకి ముఖ్యమంత్రితో కలిపి 26 మందే. 21 మందికి లెక్కేస్తే ముగ్గురు. మూడు పదవులు, రెండు పార్టీలు, పదిమందికి ఆశ. ఈ కొరతే మొత్తం శిబిరానికి ఇంధనం. టీచర్లు జాలిపడి ఉపముఖ్యమంత్రి, విప్, సలహాదారు అని పదవులు పెంచుకుంటూ పోతే బేరం చచ్చిపోతుంది.

ఇక స్పీకర్. పిల్లలు దీన్ని గౌరవ పదవి అనుకుని అందరికన్నా పొడుగ్గా ఉన్నవాడికి ఇచ్చేస్తారు. లెక్క చూడండి: సభ 21. కూటమికి సరిగ్గా 11 మందే ఉండి, అందులోంచి ఒకరు స్పీకర్ అయితే ఓటేసేవాళ్ళు 20 మంది, అటు 10, ఇటు 10. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం స్పీకర్ మామూలుగా ఓటేయకూడదు, సమానమైనప్పుడే వేయాలి. అంటే ప్రతి బిల్లుకీ ప్రభుత్వం ప్రాణం ఆ కుర్చీలో ఉంటుంది. ఇది బోర్డు మీద అంకెలేసి చూపించకండి, మొదటి ఓటింగులో వాళ్ళంతట వాళ్ళే పడాలి ఆ గోతిలో.

పడ్డాక చెప్పడానికి మన కోనసీమ కథే ఉంది. అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ పదవికి వచ్చిన తొలి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస ఓటింగ్. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కానీ ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు. ఆయన ఓటేయొచ్చా లేదా అన్న రగడలో బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. ఆయన వ్యతిరేకంగా వేశారు. 269, 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. గమాంగ్ ఓటు లేకపోతే 269, 269. అప్పుడు స్పీకర్ ఓటే తేల్చాలి, స్పీకర్ పార్టీ ఏమో వాజ్‌పేయి వైపు ఉంది. ముమ్మిడివరం పక్కన పుట్టిన మనిషి చేతిలో ఆ రోజు ఎంత ఉందో అన్నది తరగతిలో అరగంట చర్చకి సరిపోతుంది. ఆయన చేసింది రైటా తప్పా అని మీరు మాత్రం చెప్పకండి.

గుమ్మం దగ్గర ఇద్దరు మార్షల్స్ ఉండాలి, గ్రామసభలో బాగా గట్టిగా ఉన్న పిల్లల్ని వంతులవారీగా వేయండి. పాసు లేకపోతే హెచ్‌ఎం గారినైనా ఆపాలి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్ లేదని నెహ్రూని ఆపేసిన వాలంటీరు రాజమండ్రిలో పుట్టిన పద్నాలుగేళ్ళ పిల్ల, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. పిల్లలకి ఈ సంగతి చెప్పి కాపలా పెడితే ఇక ఎవరూ లోపలికి రాలేరు. ముఖ్యంగా శాలువాలతో వచ్చే పెద్దలు. ముఖ్య అతిథి ఉపన్యాసానికి పది నిమిషాలు మించి ఇస్తే ప్రశ్నోత్తరాలు పోయినట్టే.

ప్రశ్నోత్తరాలు అరగంట, నక్షత్ర ప్రశ్నలు (అంటే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాల్సినవి) ఐదు, ఒక్కోదానికి రెండు అనుబంధ ప్రశ్నలు. ప్రశ్న ముందురోజు సాయంత్రం ఐదింటిలోగా కార్యదర్శికి చేరాలి. అప్పటికప్పుడు అడిగితే మంత్రి 'పరిశీలిస్తాం అధ్యక్షా' అని కూర్చుంటాడు. ఆ జవాబు ఒక మంత్రికి ఒక్కసారే అనుమతి అని నిబంధన పెట్టాలి. ప్రశ్నలు కూడా బడికీ ఊరికీ సంబంధించినవే కావాలి: మధ్యాహ్న భోజనం ప్లేట్లు కడిగే కుళాయిల దగ్గర నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయి, ఏటిగట్టు మీద లైట్లు ఎన్ని వెలుగుతున్నాయి, బడి వెనక డ్రైనులో గుర్రపుడెక్క ఆఖరిసారి ఎప్పుడు తీశారు. కార్యదర్శి నిజంగా వెళ్ళి లెక్కపెట్టుకుని రావాలి.

పోడియం చుట్టుముట్టడం, కాగితాలు చింపడం, బల్లలు చరచడం ఎలాగూ చేస్తారు, టీవీలో చూసింది అదే. మొదటిసారి స్పీకర్ హెచ్చరిక, రెండోసారి పది నిమిషాలు సస్పెన్షన్. వాకౌట్‌ని మాత్రం ఆపొద్దు. వాకౌట్ చేసిన ఆరుగురు వరండాలో నిలబడి ఉండగా లోపల బిల్లు పాసైపోతే, ఇంకోసారి వెళ్ళేముందు లెక్క చూసుకుంటారు.

సోమవారం బిల్లు, బడ్జెట్. బిల్లుకి మొక్కలు నాటుదాం, ప్లాస్టిక్ మానేద్దాం లాంటివి పనికిరావు. ఎవరూ వ్యతిరేకించని దాని మీద చట్టం ఎందుకు? సభ నిలువునా చీలే విషయం కావాలి. డెల్టాలో వెతుక్కోనక్కర్లేదు: దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్ళు తగ్గితే ముందు శివారు ఆయకట్టుకా ఎగువ వాళ్ళకా, వరి చేలల్లో రొయ్యల చెరువులు తవ్వొచ్చా లేదా. రెండోది తీసుకుంటే సభలో ఇరవై ఒక్క మందిలో కొందరి ఇళ్ళు చెరువుల మీద బతుకుతుంటాయి, కొందరి పొలాలు పక్క చెరువు ఉప్పునీటికి చౌడు తేలి ఉంటాయి. ఎవరికీ ఇది పుస్తకం విషయం కాదు.

మొదటి ముసాయిదా ఇలా వస్తుంది: 'మంచినీళ్ళ చెరువు దగ్గర రొయ్యల చెరువులు తవ్వరాదు.' చదవడానికి బాగుంది. దీన్ని క్లాజు క్లాజుగా చర్చకి పెట్టండి. దగ్గర అంటే ఎంత? ఒకరు 200 మీటర్లు అని సవరణ ఇస్తారు. 200 ఎక్కడి నుంచి, గట్టు నుంచా నీటి అంచు నుంచా? ఇప్పటికే ఉన్న చెరువుల సంగతి? 'కొత్త' అన్న మాట చేర్చాలా? చేరిస్తే ఇప్పుడున్న వాళ్ళకి లాభం, చేర్చకపోతే వాళ్ళు పూడ్చాలి, పూడ్చే ఖర్చు ఎవరిది? చేపల చెరువు రొయ్యల చెరువు కిందకి వస్తుందా? కొలిచేది ఎవరు, సర్వేయరు రాకపోతే? జరిమానా వెయ్యి రూపాయలంటే ఒక పంట లాభం ముందు అది ఎంత? చెరువు నీళ్ళు వదిలేది మురుగు కాలువలోకి కదా, మరి కాలువ కిందున్న ఊరి మాటేమిటి? ఒక్క వాక్యం మీద గంటన్నర పడుతుంది, పట్టనివ్వండి. ప్రతి సవరణకీ చేతులెత్తించి, లెక్క మినిట్స్‌లో రాయించాలి. ఆఖరికి బయటికొచ్చే వాక్యం నాలుగు లైన్లుంటుంది, వికారంగా ఉంటుంది, చట్టాలు అలా ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో, రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం 2020లో వచ్చాయన్న సంగతి మత్స్యశాఖ కార్యదర్శి పాత్రధారి చేత సరిగ్గా ఈ దశలో చెప్పించండి. ముందే చెబితే చూసి రాసేస్తారు.

బడ్జెట్ వంద రూపాయలు. ముందుగానే జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీ కింద 60 తీసేయండి. ఇది మన ఆట కోసం పెట్టుకున్న అంకె. మిగిలిన 40లో మేనిఫెస్టో నెరవేర్చాలి. ఆర్థిక కార్యదర్శి ఆ పదవిలోకి రాగానే మూడు మేనిఫెస్టోలకీ ఖరీదు కట్టి కవరులో పెట్టి సీలు వేసి ఉంచాలి. బడ్జెట్ రోజు ఆ కవరు సభలో విప్పుతారు. ఒక్కో పార్టీ వాగ్దానాలు రెండొందలు దాటడం మామూలే.

ఫిరాయింపుల గురించి మాట్లాడకుండా ఉండలేం. ఆదివారం ఒకరికి మంత్రి పదవి ఆశ చూపించి ఉంటారు. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం ఒక్కడు గీత దాటితే సభ్యత్వం పోతుంది. మూడింట రెండొంతుల మంది వేరే పార్టీలో విలీనమైతే పోదు. ఆరుగురున్న పార్టీలో నలుగురు వెళితే చాలన్నమాట. పిల్లలు ఈ లెక్క కనిపెట్టడానికి గంట పట్టదు. అనర్హత ఫిర్యాదు స్పీకర్ దగ్గరికి వెళుతుంది, స్పీకర్ నిర్ణయానికి రాజ్యాంగంలో గడువు లేదు. కుర్రాడు ఫైలు మీద కూర్చుండిపోతే, ప్రతిపక్షం మొరపెట్టుకోవడానికి మీ దగ్గరికి వస్తుంది. గడువు పెట్టమని సభలోనే తీర్మానం తెచ్చుకోమని పంపేయండి.

ఇప్పుడు ఆ 30 మంది గ్రామసభ. ఉపాధి హామీ పనులకి మన రాష్ట్రంలో జరిగే సామాజిక తనిఖీ పద్ధతే ఇక్కడా. సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆరుగురేసి ఐదు జట్లుగా మేనిఫెస్టోలు, మినిట్స్, ఓటింగు లెక్కలు, టోకెన్ల ఖాతా పట్టుకుని కూర్చుంటారు. ఎవరు ఏ వాగ్దానానికి ఎలా ఓటేశారో చార్టు మీద రాసి, సభ్యుల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతారు. గెలిచినవాళ్ళు కింద నేల మీద, ఓడినవాళ్ళు కుర్చీల్లో. ఇక్కడ టీచర్లు గోడకి ఆనుకుని నిలబడి నోరు విప్పకుండా ఉండటం కష్టం, అయినా ఉండాలి. మినిట్స్ సరిగ్గా రాయని సభ ఇక్కడే దొరికిపోతుంది. అందుకే శాసనసభ కార్యదర్శిగా దస్తూరీ మంచిదైన పిల్లని కాక, చకచకా రాసే పిల్లని పెట్టండి. విలేకరులు ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ గోడపత్రిక రాస్తారు, రోజుకి ఒక పెద్ద చార్టు. మంత్రి వచ్చి వార్త మార్చమంటే మార్చాలా వద్దా అన్నది వాళ్ళ గొడవ.

కొనాల్సినవి ఎక్కువేం లేవు. ఏ4 కాగితాలు ఒక రీము, చార్టులు ఒక ముప్పై, మార్కర్లు ఒక పెట్టె, ముద్రలూ ప్యాడ్లూ ఏడేసి, అట్టపెట్టెలు ఏడు, వాటికి సీలు వేయడానికి వెడల్పు టేపు. సభలో నిమిషాలు చూడటానికి ఒక గోడగడియారం, స్పీకర్ బల్ల మీదకి చేతిగంట. బడిగంటకి వాడే సుత్తి మాత్రం ఇవ్వకండి, బల్ల విరుగుతుంది. బ్యాలెట్లు సీలు వేసి నెలన్నర బీరువాలో ఉంచండి. అసలు ఎన్నికల పిటిషన్‌కి గడువు 45 రోజులు. మూడో వారంలో ఎవరో ఒకరు మళ్ళీ లెక్కపెట్టమని అర్జీతో వస్తారు.